కూత పెట్టిన చిన్నరసం చెట్టు

ఆ శనివారం ఉదయానికి రవికిరణ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఐదున్నరకు లేచి, వాకింగ్ అని చెప్పి, మామగారి మామిడి తోటకు వెళ్ళాలి. పోయిన ఉంగరాన్ని గంటన్నరలో వెతికి పట్టుకోవాలి. ఎనిమిదికల్లా ఇంటికి వచ్చి ఏమీ ఎరగనట్టు ఇడ్లీ తినాలి. పదకొండింటికి అత్తగారితో కలిసి నూజివీడు బజారులో ఆచారి దగ్గరకు వెళ్ళి, కాస్త వదులుగా ఉన్న ఆ ఉంగరాన్ని బిగింపించుకోవాలి. ఇందులో ఐదున్నరకు లేవడం మాత్రం అనుకున్నట్టే జరిగింది.

ఉంగరం పెళ్ళిలో అత్తగారు బుజ్జమ్మగారు పెట్టింది. లక్ష్మీదేవి బొమ్మ ఉంటుంది దాని మీద. పెళ్ళయిన ఈ మూడు నెలల్లో ఆవిడ మూడుసార్లు, "బాబూ, వదులుగా ఉన్నట్టుంది, బిగింపిద్దామా?" అని అడిగారు. మూడుసార్లూ అతను, "అబ్బే, సరిగ్గా సరిపోయిందండీ" అన్నాడు. నాలుగోసారి ఆవిడ అడగలేదు, ఆచారికి ఫోన్ చేసి టైము తీసుకున్నారు. తొలి వేసవికి మామిడి పళ్ళు తినడానికి వచ్చిన కొత్త అల్లుడు రెండో రోజే ఆ ఉంగరాన్ని తోటలో పారేసుకున్నాడని తెలిస్తే ఆవిడ ఏమంటారో ఊహించుకోవడానికి కూడా అతనికి ధైర్యం చాలలేదు. బుజ్జమ్మగారు అరిచే మనిషి కాదు. అతని అనుభవంలో, అరవనివాళ్ళ దగ్గరే మనిషికి నోరు ఎండిపోతుంది.

పారేసుకున్న తీరు కూడా గొప్పగా చెప్పుకునేది కాదు. ముందురోజు సాయంత్రం తోటలో భార్య హాసిని, "మీ బెజవాడ వాళ్ళకి లిఫ్టు ఎక్కడం తప్ప చెట్టెక్కడం ఏం తెలుసులే" అంది. రవికిరణ్ నిజంగానే లిఫ్టుల కంపెనీలో సర్వీసు ఇంజనీరు. మాట తగిలింది. చెప్పులు విడిచి దగ్గరలో ఉన్న చెట్టు ఎక్కాడు. ఎక్కడానికి పది నిమిషాలు పట్టింది. ఆకుల్ని కుట్టుకుని గూళ్ళు కట్టుకున్న ఎర్రచీమలు అతన్ని గమనించడానికి ఒక్క క్షణం పట్టింది. దిగడానికి అది కూడా పట్టలేదు. చేతులు విదిలించుకుంటూ, చొక్కా దులుపుకుంటూ, నాలుగైదు చెట్ల అవతలిదాకా పరిగెత్తాడు. హాసిని నవ్వాపుకోలేక గట్టు మీద కూలబడింది. రాత్రి అన్నానికి చెయ్యి కడుక్కుంటుంటే వేలు బోసిగా కనిపించింది. చీమ కుట్టిందని చెప్పి వేలికి గుడ్డ కట్టుకుని, తేలు కుట్టిన దొంగలా ఆ పూట గడిపేశాడు.

అతని అదృష్టం ఏమిటంటే, కారు డిక్కీలో లోహాన్ని కనిపెట్టే మిషను ఉంది. సెలవు రోజుల్లో మంగినపూడి బీచికి వెళ్ళి ఇసుకలో దాన్ని తిప్పుతూ నాణేలు ఏరుకోవడం అతని సరదా. ఇనుముకు ఒక కూత, బంగారానికి ఒక కూత పెట్టే ఖరీదైన మిషన్లు వేరే ఉన్నాయి. ఇతనిది సెకండ్ హ్యాండు. మేకైనా, మంగళసూత్రమైనా దానికి ఒకటే, "కుయ్" అంటుంది.

దోమలూ చీమలూ దరిచేరకుండా అతను తయారైన తీరు కూడా చెప్పుకోవాలి. పొడుగు చేతుల చొక్కా, ప్యాంటును లోపలికి దోపిన సాక్సు, ముఖానికి హాసిని చున్నీ, ఆపైన ఒళ్ళంతా ఏదో స్ప్రే. ఎనిమిది గంటలపాటు ఏ పురుగూ దగ్గరకు రాదని ఆ డబ్బా మీద ఇంగ్లీషులో రాసి ఉంది. చీమలకు ఇంగ్లీషు రాదన్న సంగతి అతనికి తట్టలేదు.

తోటలో నాలుగు వందల చెట్లున్నాయి. తెల్లవారి వచ్చి చూస్తే, నిన్న ఎక్కింది వాటిలో ఏ చెట్టో అతనికి ఒక్కటంటే ఒక్క గుర్తు కూడా మిగల్లేదు. ఎటు చూసినా ఒకే బోదె, ఒకే గుబురు, ఒకేలా వేలాడే కాయలు. సరే, మొదటి వరస నుంచి మొదలుపెడదామని మిషను స్విచ్ వేసి నేలకు ఆనించి తిప్పుతుండగా వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఏంటండీ అల్లుడుగారూ, పొద్దున్నే తోట ఊడవడానికి వచ్చారా?"

తోట కాపలా చూసే నాగేంద్రమ్మ. అరవై దాటిన మనిషి. ఎండు కర్రలా ఉంటుంది, ఇప్పటికీ చిక్కం పట్టుకుని కొమ్మ మీద నిలబడి కాయలు కోస్తుంది. ఆమె చూపు ఒకసారి చున్నీ మీదా, ఒకసారి సాక్సు మీదా, ఒకసారి మిషను మీదా వాలింది. నవ్వు మాత్రం రానివ్వలేదు.

నిజం చెబితే తొమ్మిదింటికల్లా అత్తగారి చెవిన పడుతుందని రవికిరణ్‌కు అనిపించింది. నోటికి వచ్చింది చెప్పేశాడు. "ఇది... చెట్ల ఆరోగ్యం చూసే మిషనండీ."

"జొరం చూసినట్టా?"

"ఆ, అలాంటిదే."

అప్పుడే మిషను ఒక చెట్టు మొదట్లో "కుయ్" మంది. అతని ప్రాణం లేచి వచ్చింది. నాగేంద్రమ్మ ఆసక్తిగా ముందుకు వంగింది. "ఈ చెట్టుకి ఏవైందంటండీ?"

"కొంచెం నీరసంగా ఉందండీ."

"అమ్మో!" అని ఆమె బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "నిజవేనండీ బాబూ. మూడేళ్ళ నించి దీనికి ఒక్క కాయ లేదు."

రవికిరణ్ తలెత్తి చూశాడు. చుట్టూ చెట్లు కాయల బరువుకు వంగి ఉంటే, ఈ ఒక్కటీ పచ్చగా, హాయిగా, ఏ బాధ్యతా లేకుండా నిలబడి ఉంది. కాకతాళీయం అనుకుని, మోకాళ్ళ మీద కూర్చుని మొదట్లో మట్టి గీకసాగాడు. ఉంగరం దొరకలేదు. బోదె వెంట వరసగా దిగుతున్న ఎర్రచీమలకు అతను దొరికాడు.

సాక్సు ఎంత పైకి లాక్కున్నా, చీమ లోపలికి వెళ్ళాలనుకుంటే దారి ఉంటుంది. ముందు మడమ దగ్గర ఒకటి, తరువాత మోకాలి వెనక రెండు, ఆ తరువాత లెక్కపెట్టే ఓపిక లేకపోయింది. మిషను వదిలేసి టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టాడు. సందు చూసుకుని ఒక జోరీగ చొక్కా మీద నుంచే భుజం కుట్టింది.

"కొట్టకండి, కొట్టకండి!" అంటూ నాగేంద్రమ్మ అతని చేతులు పట్టుకుంది. "ఒకదాన్ని నలిపితే ఆ వాసనకి వంద వస్తాయండీ. చీమతో దెబ్బలాడకూడదు. ఊరికే దులపాలంతే."

ఆమె అతన్ని పాకలోకి తీసుకెళ్ళి మంచం మీద కూర్చోబెట్టింది. పొయ్యిలోంచి మెత్తటి బూడిద చేటలోకి తీసి, అరికాళ్ళ నుంచి మోకాళ్ళ దాకా, వేళ్ళ నుంచి మోచేతుల దాకా దట్టంగా పూసింది. కుట్టిన చోటల్లా వక్కాకు డబ్బాలోంచి సున్నం తీసి చుక్క పెట్టింది. మంట అయిదు నిమిషాల్లో చల్లారింది. తరువాత చూరులోంచి ఒక ఎండుచేప తల తీసి, పురికొసకు కట్టి, కంచె పక్కనున్న చెట్టు కొమ్మకు వేలాడదీసింది. పావుగంట గడిచేసరికి రవికిరణ్ కళ్ళెదుటే చీమల బారు దారి మార్చింది. ఒక చెట్టు కొమ్మ మీంచి పక్క చెట్టు కొమ్మ మీదికి వంతెన కట్టుకుని, పెళ్ళి భోజనానికి వెళ్ళే జనంలా అన్నీ అటే బయలుదేరాయి.

అతను నోరు తెరుచుకుని చూశాడు. మూడు వందల తొంభై రూపాయల స్ప్రే చెయ్యలేని పని చేప తల చేసింది. "మందు కొట్టి చంపెయ్యొచ్చు కదండీ?" అని అడిగాడు.

"చంపితే ఎవరు చూస్తారండీ తోటని?" అంది నాగేంద్రమ్మ. "చీమలున్న చెట్టుకి పురుగు రాదు. నేనొక్కదాన్నే కాపలా అనుకుంటారు గానీ, నాకంటే అయ్యే బాగా కాస్తాయి. వాటికి ఆదివారాలు కూడా ఉండవు."

ఆ మాటతో రవికిరణ్‌కు ఆమె మీద గౌరవం రెట్టింపైంది. ఇంత తెలిసిన మనిషికి అబద్ధం చెప్పానే అని సిగ్గు కూడా వేసింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే తోట గేటు దగ్గర బండి ఆగింది.

మామగారు యలమందగారు ఇడ్లీ క్యారేజీతో దిగారు. అల్లుడి కాళ్ళకు బూడిద, చేతుల నిండా సున్నం చుక్కలు చూసి ఉలిక్కిపడ్డారు. "ఏంటి నాగేంద్రం, అల్లుడుగారిని ఏం చేశావు?"

"నేనేం చేశానండీ! ఆయనే చెట్లకి జొరం చూస్తున్నారు. మిషనెట్టి, కాపు లేని చెట్టుని ఇట్టే పట్టేశారు!"

యలమందగారి ముఖం వెలిగిపోయింది. ఆయన సంతోషానికి కారణం ఉంది. పక్క తోట చిన్నయ్య అల్లుడికి మైలవరంలో ఎరువుల కొట్టు ఉంది. ఏడాదిగా చిన్నయ్య కంచె మీద చెయ్యి వేసుకుని, "మా అల్లుడు ఈ మందు కొట్టమన్నాడు, మా అల్లుడు ఆ పొడి చల్లమన్నాడు" అంటుంటే, యలమందగారు విని ఊరుకోవాల్సి వచ్చేది. లిఫ్టుల అల్లుడితో తోటలో ఏం చెప్పుకుంటారు? ఇప్పుడు చెప్పుకోవడానికి దొరికింది. రవికిరణ్ ఏదో అనబోయేలోపే ఆయన కంచె దగ్గరకు వెళ్ళి చెయ్యూపారు. "ఏవయ్యా చిన్నయ్యా, ఒకసారి ఇటు రా. మా అల్లుడుగారు మిషను తెచ్చారు!"

చిన్నయ్య నమ్మే రకం కాదు. మీసం దువ్వుతూ వచ్చి, మిషను చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "అయితే మా తోటలో పెట్టండి చూద్దాం. ఏ చెట్టు ఎలాంటిదో నేను చెప్పను. మిషన్నే చెప్పమనండి" అన్నాడు.

"పెట్టండి బాబూ, పెట్టండి!" అన్నారు యలమందగారు, ఛాతీ విరుచుకుని.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. రవికిరణ్ మిషను పట్టుకుని కంచె దాటాడు. ఎక్కడా కూయకపోతే బాగుండు, చెడిపోయిందని చెప్పి బయటపడొచ్చు అని మనసులో మొక్కుకున్నాడు. మొదటి పది చెట్ల దగ్గర మిషను నోరు మెదపలేదు. పదకొండో చెట్టు దగ్గర "కుయ్" మంది. చిన్నయ్య మీసం మీది చెయ్యి ఆగిపోయింది. ఆ చెట్టుకి ఎప్పుడూ సరైన కాపు లేదు. పదిహేడో చెట్టు, మళ్ళీ "కుయ్". అదీ అంతే. గంటలో ఆరు చెట్లు కూశాయి. ఆరూ చిన్నయ్య ఏళ్ళ తరబడి తిట్టుకుంటున్న గొడ్డు చెట్లే. కాయలు నిండుగా ఉన్న ఒక్క చెట్టు దగ్గర కూడా మిషను పొరపాటు పడలేదు. కాయలు కోస్తున్న కూలీలు నిచ్చెనలు దిగి వచ్చి వెంట నడిచారు. ఎవరో, "మనుషులక్కూడా చూస్తాదేమో అడగండి" అన్నారు.

రవికిరణ్‌కు మతి పోయింది. ఏడుకు ఏడు! ఒక నిమిషంపాటు, బీచిలో నాణేలు ఏరుతూ ఇన్నాళ్ళూ ఈ మిషను విలువ తెలుసుకోలేకపోయానేమో అని తనే నమ్మాడు.

బూడిద మళ్ళీ పూసే నెపంతో నాగేంద్రమ్మ వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుని, అతనికి మాత్రమే వినబడేలా గుసగుసలాడింది. "బాబూ, మీ మిషను ఇనుము కనబడితే కూస్తదా?"

అతను ఉలిక్కిపడ్డాడు.

"కాయని చెట్టుకి మేకు కొడితే, దాని రోషానికి మరుసటేడు కాస్తదని పెద్దాళ్ళు అనేవారండీ. ఈ రెండు తోటల్లో మేకులన్నీ కొట్టింది మా అత్తా, నేనూను. బెత్తెడు మేకులు. బెరడు కప్పేసింది, పైకి కనబడవు. మేకు కొట్టినా ఒక్కటీ కాయలేదు, మొండి చెట్లు అలాగే ఉండిపోయాయి."

రవికిరణ్ ఆమె కళ్ళలోకి చూశాడు. అందరి ముందూ ఒక్క మాటతో అతన్ని నేలకు దించగలిగిన మనిషి, కాళ్ళ దగ్గర కూర్చుని బూడిద పూస్తోంది. "మరి ఇందాకే ఎందుకు చెప్పలేదండీ?"

"అయ్యగారి ముఖం చూశారా?" అంది ఆమె. "ఇరవయ్యేళ్ళయింది ఆయన అంత సంతోషంగా నడిచి."

నిజమే. యలమందగారు ముందు నడుస్తూ, కూలీలకు మిషను గురించి తనకు తెలియని విషయాలన్నీ వివరిస్తున్నారు. అక్కడితో ఆగి ఉంటే కథ సుఖాంతమయ్యేది. కానీ ఆయన ఆగలేదు. "ఇప్పుడు మా తోటలో పెద్ద చిన్నరసం చెట్టు చూపిస్తాను రండి. మా మామగారు వేసింది. ఏడాదికి యాభై బుట్టలకు తగ్గదు. దాని దగ్గర మిషను కిక్కురుమనదు చూడండి" అని అందరినీ వెంటబెట్టుకుని వెళ్ళారు. మోకాలి ఎత్తులో పెద్ద తొర్ర ఉన్న ముదురు చెట్టు అది. గుత్తులు గుత్తులుగా కాయలు. దానికి ఎవరు మాత్రం మేకు కొడతారు? రవికిరణ్ నిశ్చింతగా మిషను తొర్ర ముందు పెట్టాడు.

"కుయ్" మంది. ఎడమకు జరిపాడు, ఊరుకుంది. మళ్ళీ తొర్ర ముందుకు తెచ్చాడు, మళ్ళీ కూసింది.

అందరూ యలమందగారి వైపు చూశారు. రవికిరణ్ గుండె మాత్రం గంతులు వేసింది. మేకు లేని చెట్టు కూసిందంటే అది ఉంగరమే! నిన్న ఎక్కింది దీన్నే అయి ఉంటుంది, విదిలించుకున్నప్పుడు తొర్రలో పడి ఉంటుంది. కానీ ఇంతమంది ముందు తొర్రలో చెయ్యి పెట్టి ఏమని తీస్తాడు?

"పురుగు" అన్నాడు చిన్నయ్య, గొంతు తగ్గించి. "లోపల తొలిచే పురుగు. మా అల్లుడు చెబుతూనే ఉంటాడు. పైకి నిండుగా కాస్తుంది, లోపల డొల్ల. ఇవాళే కొట్టెయ్యకపోతే ఆ పురుగు నీ తోటంతా ఎక్కుద్ది, తరవాత నా తోటకి వస్తది. ఇందాక ఫోన్ చేస్తే మన మైలవరం కుర్రోళ్ళు రంపం మిషన్లతో నా తోటకి వచ్చేశారు, ఆ ఆరు చెట్లూ తీసెయ్యడానికి. ఆ చేత్తోనే ఇదీ తీయించెయ్."

"చీమలున్న చెట్టుకి పురుగేంటండీ!" అని నాగేంద్రమ్మ అడ్డం పడింది. ఎవరూ వినలేదు. మిషను చెప్పాక మనిషి మాట ఎవరు వింటారు? యలమందగారు చెట్టు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అల్లుడుగారు చెప్పారంటే నిజమే అయి ఉంటుంది" అన్నారు చివరికి. "కొట్టెయ్యండి."

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తేవడమంటే ఏమిటో రవికిరణ్‌కు అప్పుడు తెలిసింది. ఇక్కడ గొడ్డలి కూడా కాదు, పెట్రోలుతో నడిచే రంపం. కంచె అవతల ఒకటి అప్పుడే రొద పెడుతోంది, ఇంకొకటి స్టార్టయి ఈ చెట్టు మొదటికి వచ్చేసింది. ఇంతలో గట్టు మీద స్కూటీ ఆగింది. నడుపుతున్నది హాసిని, వెనక కూర్చున్నది బుజ్జమ్మగారు. ఆచారి దగ్గరకు వెళ్ళడానికి తయారై, పట్టుచీర కట్టుకుని ఉన్నారు.

"ఏంటి ఈ జనం? ఎవరండీ మా నాన్న వేసిన చెట్టు మీద రంపం పెట్టేది?" అన్నారు ఆవిడ. అరవలేదు. చెట్టు దగ్గరి రంపం మాత్రం ఆగిపోయింది.

ఇక దాచడానికి వీలు లేదు. ఉంగరం పోతే ఇంకొకటి చేయించుకోవచ్చు, పరువు పోతే ఎప్పటికైనా తిరిగి రావచ్చు, కొట్టేసిన చెట్టు మాత్రం రాదు. రవికిరణ్ ముఖం మీది చున్నీ తీసేశాడు.

"అత్తయ్యగారూ, తప్పు నాది. ఇది చెట్లు చూసే మిషను కాదు. లోహం దగ్గర కూసే మిషను. నిన్న ఈ తోటలో చెట్టెక్కి, చీమలు కుట్టి, మీరు పెట్టిన ఉంగరం పారేసుకున్నాను. చెప్పడానికి ధైర్యం చాలక అబద్ధమాడాను. చిన్నయ్యగారూ, మీ చెట్లలో ఉన్నది రోగం కాదు, మేకులు. అక్కడి రంపం కూడా ఆపించండి. ఈ చెట్టులో ఉన్నది పురుగు కాదు, నా ఉంగరం."

చిన్నయ్య, "ఓరి నాయనో!" అంటూ తన కంచె వైపు పరిగెత్తాడు. బుజ్జమ్మగారు అల్లుడి ముఖంలోకి చూస్తూ నిలబడ్డారు. కోపమో, మరొకటో తెలియలేదు. ముందుగా తేరుకున్నది యలమందగారు. ఆశ్చర్యంగా ఆయన ముఖంలో కోపం అణువంతైనా లేదు, కంగారు మాత్రం ఉంది.

"లోహం కనిపెట్టే మిషనా?" అన్నారు. "పోనీలెండి బాబూ, ఉంగరానికేముంది, ఇంకోటి చేయిద్దాం. తొర్రలో చెయ్యి పెట్టకండి, పాములుంటాయి. పదండి, ఇడ్లీలు చల్లారిపోతున్నాయి. మిషను నాకివ్వండి, నేను బండిలో పెడతాను."

రవికిరణ్ కళ్ళు చెమ్మగిల్లాయి. ఎంత పెద్ద మనసు! అబద్ధమాడిన అల్లుణ్ణి పల్లెత్తు మాట అనకుండా ఇడ్లీలు చల్లారుతున్నాయంటున్నారే! ఇలాంటి మామగారికి ఉంగరం తీసి ఇవ్వకుండా కదలకూడదని అతను అప్పుడే నిర్ణయించుకున్నాడు.

"ఆగండి" అన్నారు బుజ్జమ్మగారు. ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. "నాగేంద్రం, ఆ తొర్రలో ఏముందో తీయించు."

నాగేంద్రమ్మ ముందు పొడుగు కర్రతో తొర్రంతా కెలికి, పాము లేదని తేల్చింది. ఎండాకు మంట చూపి పొగ పెట్టింది. రవికిరణ్ కుడి చేతికి భుజం దాకా బూడిద పూసింది. "సగం చీమలు పోయాయండీ. మిగతా సగం కుడతాయి. నలపకండి, లాక్కోకండి, మెల్లగా వెతకండి" అని వైద్యుడిలా చెప్పింది. రవికిరణ్ పళ్ళు బిగించి చెయ్యి పెట్టాడు. మిగతా సగం మాట తప్పలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా అతను చెయ్యి వెనక్కి తీయలేదు, ఒక్క చీమను నలపలేదు. ఏళ్ళ నాటి ఆకుల పొడిని వేళ్ళతో జల్లెడ పట్టాడు. నిన్నటి మనిషేనా అని హాసిని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చూస్తుండిపోయింది. చివరికి గట్టిగా, గుండ్రంగా ఏదో తగిలింది.

"దొరికింది!" అని అరిచి బయటికి తీశాడు. మట్టి తుడిచాడు. ఉంగరమే. కానీ లక్ష్మీదేవి లేదు. ఎర్ర రాయి ఉంది.

"ఇది నాది కాదండీ" అన్నాడు అయోమయంగా.

బుజ్జమ్మగారు దాన్ని అందుకుని వెలుతురులో తిప్పి చూశారు. తరువాత భర్త వైపు తిరిగారు. యలమందగారు అప్పటికే సగం దూరం బండి వైపు వెళ్ళిపోయి ఉన్నారు.

"ఏవండీ. మన పెళ్ళిలో మా నాన్న మీకు పెట్టిన ఉంగరం, బందరు బస్సులో దొంగ కొట్టేశాడన్నారే?"

యలమందగారు ఉంగుటూరు వరి పొలాల నుంచి ఇల్లరికం వచ్చిన మనిషి. కొత్తల్లో మామిడి చెట్టు ఎక్కి చూపిద్దామని ఆయనకూ సరదా పుట్టి ఉంటుంది. ఆయన నేల చూపులు చూస్తూ, "చీమలు కుట్టాయి బుజ్జీ" అన్నారు.

"ముప్పై నాలుగేళ్ళు" అన్నారు ఆవిడ. "ముప్పై నాలుగేళ్ళు ఆ దొంగవెధవని తిట్టుకున్నాను. మిమ్మల్ని ఒంటరిగా బస్సెక్కనివ్వలేదు." తరువాత అల్లుడి వైపు తిరిగి, నడుము దగ్గర దోపిన కొంగు ముడి విప్పారు. అందులో లక్ష్మీదేవి బొమ్మ తళుక్కుమంది. "నిన్న సాయంత్రమే రాలు కాయలు ఏరుతుంటే నాగేంద్రానికి దొరికింది, తెచ్చి నాకిచ్చింది. ఎవరికీ చెప్పొద్దన్నాను. మీరు ఎన్నాళ్ళకి నోరు విప్పుతారో చూద్దామనుకున్నాను. ఒక్క పూటలో చెప్పేశారు బాబూ, అదీ ఇంతమంది ముందు, ఒక చెట్టు కోసం. మీకంటే మంచి అల్లుడు ఈ ఇంటికి ఇంతవరకూ రాలేదు."

యలమందగారు ఆ మాట విననట్టు ఆకాశం వైపు చూశారు.

రవికిరణ్ నాగేంద్రమ్మ వైపు చూశాడు. మొదటి నుంచీ ఆమెకు అంతా తెలుసు. తెలిసే చెట్టుకు జ్వరమా అని అడిగింది, తెలిసే కాళ్ళకు బూడిద పూసింది. "అమ్మగారు చెప్పొద్దన్నారండీ" అంది ఆమె, ఇప్పుడు మాత్రం నవ్వు దాచుకోకుండా. అతను చేతులెత్తి దణ్ణం పెట్టాడు, కుడి చెయ్యి సగమే లేచింది. వేళ్ళు అప్పటికే బెండకాయల్లా ఉబ్బిపోయాయి. బుజ్జమ్మగారు ఉంగరాన్ని ఆ వేలికి తొడిగారు. బిగుతుగా, కదలకుండా, అచ్చంగా ఆ వేలికే చేయించినట్టు కూర్చుంది. ఆచారికి ఫోన్ చేసి రావడం లేదని చెప్పేశారు.

సాయంత్రం బెజవాడ బయలుదేరుతూ రవికిరణ్ మిషను డిక్కీలో సర్దుతుంటే, చిన్నయ్య అటూ ఇటూ చూసి దగ్గరకు వచ్చి, తన భార్య పుట్టింటికి వెళ్ళే రోజు చూసి ఫోన్ చేస్తానని, ఒక గంట తన తోటలో మళ్ళీ ఆ మిషను తిప్పి పెట్టమని అడిగాడు.